బహుమతి ప్రధానమా, ప్రదానమా? చెవికి ఒకటే, కాగితం మీద వేరైన మాటల గురించి

అచ్చుపని, తెనాలి:

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, బడి వార్షికోత్సవం కరపత్రాలు, తిరునాళ్ల ఫ్లెక్సీలు, ఎన్నికలప్పుడు ఇంటింటికీ పంచే కాగితాలు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. మా ఓనరు గారిది ఒకటే మాట: "పార్టీ రాసిచ్చింది రాసిచ్చినట్టు కొట్టమ్మా, మనకెందుకు?" పార్టీ అంటే పని తెచ్చినవాళ్ళు. ఓనరు గారి బాధ ఆయనది. మార్చి కొడితే కొందరు ఒప్పుకోరు. మళ్ళీ ప్లేటు తీయాలి, కాగితం దండగ. కానీ అడుగున మా ప్రెస్సు పేరు పడుతుంది కదా. తప్పు మాట ఊళ్ళో గోడలన్నీ ఎక్కితే నాకు మనసొప్పదు.

మామూలు అచ్చుతప్పులైతే ఎవరైనా పడతారు. నన్ను ఆపేసేవి వేరే ఉన్నాయి. పలికితే రెండూ ఒకటే, రాస్తే రెండు వేరు మాటలు, రెండింటికీ అర్థం ఉంటుంది. అందుకే తప్పు తప్పులా కనపడదు. మొన్న ఒక బడి వాళ్ళు "బహుమతి ప్రధానోత్సవం" అని రాసిచ్చారు. "ప్రదానం అండీ, ద కి ఒత్తు ఉండదు" అన్నాను. "ప్రధానోపాధ్యాయుడికి ఒత్తు పెడుతున్నాం కదమ్మా, దీనికెందుకు తీసేస్తావు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఏది ఒప్పో నా కంటికి తెలుసు, ఎందుకు ఒప్పో వాళ్ళకు చెప్పే మాట నా దగ్గర లేదు.

ఇలాంటివి వస్తూనే ఉంటాయి. "ప్రభుత్వ పతకాలు" అనీ, "బంగారు పథకం" అనీ రాస్తారు. కంటి వైద్య శిబిరం కరపత్రంలో "కల్లు పరీక్షలు ఉచితం" అని ఉంటుంది. ఉన్న ఒక్క కొంపా అమ్ముకునే ఆయన "ఇళ్ళు అమ్మబడును" అని బోర్డు రాయించుకుంటాడు. తాగుడు మానండని తీసే ర్యాలీ ఫ్లెక్సీ మీద "మధ్యం". సంతాప సభ కార్డులో "అశువులు బాసిన". నాట్య ప్రదర్శన గురించి రాస్తే "ఆహుతులను అలరించాయి". ఇక అర్థం, అర్ధం సంగతి రోజూ ఉన్నదే. పైగా థ పొట్టలో ఉండే ఆ చిన్న చుక్క ఎనిమిది పాయింట్ల అక్షరంలో కనపడనే కనపడదు. ప్రూఫు చూసేవాళ్ళు అద్దం పెట్టుకోవాల్సిందే.

కౌంటరు దగ్గర నిఘంటువు తిరగేసే తీరిక ఉండదు. పార్టీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంటారు. అప్పటికప్పుడు తేల్చుకునే దారి ఏమైనా ఉందా? నేను తేల్చుకుంటే చాలదు, వాళ్ళూ "అవును కదా" అనాలి.

ఇంకో సంగతి. ఒక పెద్దాయన, వాళ్ళ నాన్నగారు రాసుకున్న పద్యాల నోటుపుస్తకం తెచ్చారు. పుస్తకంగా వేయించి బంధువులకు పంచుతారట. దాని నిండా అరసున్నలు, బండి ఱలు. వాఁడు, ఏఁడు, నాఁడు, చెఱువు, నీఱు. "మనవలు చదవాలమ్మా, ఇవన్నీ తీసేసి ఇప్పటి తెలుగులో కొట్టు" అన్నారు. తీసేస్తే పలుకు మారదు, నిజమే. అర్థం చెడుతుందా? మొదలుపెట్టకముందే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మాస్టారు, నెల్లూరు:

అమ్మా, ముందు ఆ బడి వాళ్ళ ప్రశ్నకే జవాబు చెప్తాను. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇదే ప్రశ్న నన్ను తోటి ఉపాధ్యాయులు కూడా అడిగేవాళ్ళు.

సంస్కృతం నుంచి వచ్చిన మాట ఒంటరిగా నిలబడితే పోల్చుకోవడం కష్టం. దాని చుట్టాన్ని పిలిపించాలి. ప్రదానంలో ఉన్నది దానం. దానికి ముందు "ప్ర" చేరింది. ఇచ్చేవాడు ప్రదాత. అన్నదానం, కన్యాదానం, రక్తదానం, వీటిలో దేనికీ మనం ఒత్తు పెట్టం. ప్రధానం చుట్టాలు వేరు: ప్రధాని, ప్రాధాన్యం. ముఖ్యమైనది అని. కాబట్టి బడిలో ముఖ్యుడు ప్రధానోపాధ్యాయుడు, ఆయన చేతుల మీదుగా జరిగేది బహుమతి ప్రదానం. ఒకే ఫ్లెక్సీ మీద రెండు మాటలూ ఉంటాయి, రెండూ వేరుగానే ఉండాలి. ఇంతే చెప్పండి, ఒప్పుకుంటారు.

మద్యానికీ ఇదే దారి. మదం, మత్తు దాని చుట్టాలు. మత్తెక్కించేది మద్యం, ఒత్తు లేదు. మధ్యకు చుట్టాలు మధ్యాహ్నం, మధ్యవర్తి, మధ్యస్థం. మా జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాల మీదికి వెళ్ళారు. అది సారా ఉద్యమం. సారా వాళ్ళ నోటి మాట కనుక దాన్ని ఎవరూ తప్పు రాయలేదు. మద్యం పుస్తకాల్లోంచి వచ్చిన మాట. చెవిలో పడి వచ్చిన మాటను చెవే కాపాడుతుంది. కాగితం మీదుగా వచ్చిన మాటకు కాగితమే దిక్కు. మీరు చెప్పిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండో జాతివే, గమనించండి.

ఆహుతుల సంగతి నన్ను బాగా బాధపెడుతుంది. హోమం, ఆహుతి ఒక ఇంటివి. నిప్పులో వేసేది ఆహుతి. ఇల్లు తగలబడితే "అగ్నికి ఆహుతైంది" అని రాసేది అందుకే. ఆహ్వానం, ఆహూతులు మరో ఇంటివి. పిలుపు అందుకుని వచ్చినవాళ్ళు ఆహూతులు, హూ దీర్ఘం. ఒక్క దీర్ఘం పోతే, సభకు వచ్చి కూర్చున్న పెద్దలందరినీ నిప్పుల్లో వేసినట్టవుతుంది. శుభకార్యం గురించి రాసే కాగితంలో ఆ మాట పడకుండా చూడటం మీలాంటి వాళ్ళ చేతిలోనే ఉంది.

ఇలా ఒక్క దీర్ఘంతో వేరైపోయేవి ఇంకా ఉన్నాయి. సుతుడు కొడుకు, సూతుడు రథం తోలేవాడు. కర్ణుణ్ణి సూతపుత్రుడని ఎత్తిపొడవడం ఆ దీర్ఘం మీదే నిలిచింది. ప్రసాదం దేవుడి దగ్గర పెట్టేది, ప్రాసాదం మేడ. ద్వీపం సముద్రంలో ఉండేది, ద్విపం ఏనుగు. పద్యాల నోటుపుస్తకం కొడుతున్నారు కదా, ద్విపం కనపడితే తప్పనుకుని దీర్ఘం ఇవ్వకండి.

థ, ధ దగ్గర చెవి ఎందుకు పనికిరాదంటే, మనవాళ్ళలో చాలామంది థ ను థ గా పలకరు. కథను "కధ" అనే అంటారు, రథాన్ని "రధం" అనే అంటారు. కోస్తా, సీమ, తెలంగాణ అని తేడా లేదు. అక్కడా కుటుంబాన్నే చూడాలి. కోరడం, ప్రయోజనం, డబ్బు, భావం ఇవన్నీ అర్థ కుటుంబం, చుక్క ఉన్న థ. విద్యను కోరేవాడు విద్యార్థి. ఓటు కోరేవాడు అభ్యర్థి. దేవుణ్ణి కోరడం ప్రార్థన. స్వార్థం, పదార్థం, సమర్థుడు అన్నీ ఇక్కడివే. పెరగడానికి సంబంధించినది వృద్ధి కుటుంబం, అందులో చుక్క లేదు: వర్ధిల్లు, వర్ధమాన, అభివృద్ధి. సగానికి సంబంధించినది అర్ధ, దానికీ చుక్క లేదు: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు. పని సగంలో ఆగితే అర్ధాంతరంగా ఆగింది అంటాం. అలంకారం పేరు మాత్రం అర్థాంతరన్యాసం. శుభలేఖ మీద ఉండేది "ఆశీర్వదించ ప్రార్థన", పెద్దకర్మ కార్డు మీద ఉండేది "శ్రద్ధాంజలి". ఈ రెండు గట్టిగా పట్టుకుంటే మీ పని చాలా తేలికవుతుంది.

పథకానికి పథం తోడు పెట్టుకోండి, నడవాల్సిన దారి. పతకానికి అలాంటి తోడు చూపించలేను. మెడలో వేసేది పతకం అని గుర్తుంచుకోవడమే. అసువులు అంటే ప్రాణాలు. సంతాపం కార్డులో పక్కనే అశ్రువులు ఉంటాయి గనుక చెయ్యి అటు పోతుంది. శ, స ల దగ్గర నోరు సరిగ్గా తిరిగితే చాలు: శకలం ముక్క, సకలం అంతా. శరం బాణం, సరం దండ. పలకడం నేర్పడం మానేశాం కాబట్టే ఈ తిప్పలన్నీ. పిల్లల చేత గట్టిగా చదివిస్తే సగం తప్పులు రావు.

పంతులమ్మ, సిద్దిపేట:

మాస్టారికి నమస్కారం. చుట్టాల సంగతి మస్తు నచ్చింది, రేపే నా తరగతిల చెప్త. కానీ చివరి మాటకు నేను ఒప్పుకోను. థ ఎవరి నోట్లనూ లేదని మీరే అన్నరు. లేనిదాన్ని పిల్లలు పలకలేదని అంటే ఎట్ల సార్? పిల్ల ఇంట్ల విన్నట్టే మాట్లాడుతది. అది తప్పు కాదు. రాత వేరే నేర్చుకునే పని అని చెప్తే వాళ్ళకు భయం పోతది.

అచ్చుపని అక్కా, నేను చెప్పేది అచ్చ తెలుగు మాటల గురించి. ల, ళ ల గొడవకు సంస్కృతం చుట్టాలు దొరకవు. అక్కడ మాటను కదపాలె. ఒకటి ఉంటే చాలా చేసి చూడాలె, దాని వెనుక "లో", "నొప్పి" లాంటివి పెట్టి చూడాలె.

పన్ను తీసుకోండి. పంచాయతీకి కట్టేది పన్నే, నోట్ల ఉండేది పన్నే. రాత కూడా ఒకటే. కానీ నోట్లదాన్ని కదిపితే పంటి నొప్పి, పండ్లు. కట్టేదాన్ని కదిపితే పన్నులు. ఎక్కడా కలువవు. ఏడు కూడా గంతే. లెక్కల ఏడు అయితే ఏడుగురు, ఏడింటికి. సంవత్సరం అయితే ఏటా, ఏండ్లు. కండ్లల నీళ్ళు పెట్టుకునుడు అయితే ఏడుపు, ఏడ్చింది. ఒక్కతీరుగ కనపడే మూడు మాటలు అడుగు తీసి వేయంగనే మూడు దిక్కులకు పోతయి.

ఇక మీ ఇల్లు, ఇళ్ళు గురించి. మా దిక్కు ఈ తిప్పలే లేదు. మేము ఇల్లు, ఇండ్లు అంటం. ఇందిరమ్మ ఇండ్లు అని సర్కారు కాగితాల మీద కూడా అట్లనే వస్తది. కన్ను, కండ్లు. పండు, పండ్లు. బండి, బండ్లు. పెళ్ళి మాకు పెండ్లి. కల్లు మాత్రం కల్లే. దాన్ని ఎవ్వరూ కండ్లు అనరు. కనుక కౌంటరు దగ్గర అనుమానం వస్తే ళ్ళు తీసి ండ్లు పెట్టి చూడండి. మాట నిలబడితే అది ఖాయంగ ళ్ళు. "ఇండ్లు అమ్మబడును" అని చదివి వినిపిస్తే, నాకున్నది ఒక్కటే ఇల్లమ్మా అని ఆయనే అంటడు. "కండ్ల పరీక్ష" నిలబడుతది కాబట్టి అది కళ్ళ పరీక్ష.

ఇది ఒక దిక్కే పనిచేస్తది, జాగ్రత్త. ండ్లు నిలబడకున్నా ళ్ళు ఉండొచ్చు. కాలు కాళ్ళయితది, ఊరు ఊళ్ళయితది, నీరు నీళ్ళయితది. వీటిల ండ్లు రాదు. వీటికి ఒక్కటి ఏమిటో అడగాలె. చివర లు, రు ఉన్న మాట చాలా అయినప్పుడు ళ్ళు వచ్చిందా చూడాలె. కల్లుకు ఒక్కటి, చాలా అనే భేదమే లేదు. ముంత ఒకటైనా కుండ నిండా ఉన్నా కల్లే.

కల, కళ లాంటి వాటికి నా దగ్గర కదిపే ఉపాయం లేదు. వాక్యమే దిక్కు. అందుకే నేను ఒంటి మాట డిక్టేషన్ ఎప్పుడూ చెప్ప. "అవ్వకు రాత్రి కల వచ్చింది", "చేర్యాల బొమ్మలేసుడు గొప్ప కళ" అని మొత్తం వాక్యం చెప్త. చేర్యాల మా జిల్లదే, ఆ నకాషీ బొమ్మలు పిల్లలు చూసినవే. మాటకు చోటు దొరికితే అక్షరం దానంతట అదే గుర్తుంటది. ఒంటి మాట చెప్పి తప్పు రాసినవని సున్నా పెట్టుడు నాకు నచ్చని పని.

ఇంకొక్కటి. మీ నోటుపుస్తకంల ఏఁడు ఉన్నదన్నరు. మేము పదేండ్లు, ఇరవై ఏండ్లు అంటం కదా. ఆ అరసున్న మా నోట్ల ఇంకా నిండు సున్నగనే ఉన్నది. తీసేసే ముందు ఆలోచించండి.

హోసూరు తెలుగు:

అక్కా, మాది తమిళనాడు హోసూరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మీరు థ, ధ అంటుంటే నాకు చిన్నతనం గుర్తొస్తోంది. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. మాకు తెలుగు రాయడం నేర్పిన మామయ్య ఆ వరుస దగ్గరే నెలలు పట్టించాడు. కానీ మీ నోటుపుస్తకం సంగతిలో మాత్రం మాకు తమిళం చదవడం కలిసొచ్చింది. దయచేసి ఆ ఱలు, అరసున్నలు తీయకండి.

తెలుగులో ర, ఱ పలుకులో ఎప్పుడో కలిసిపోయాయి. తమిళ రాతలో ఇప్పటికీ వేరే. అందుకే తేడా ఎక్కడిదో మాకు కనపడుతుంది. అర అంటే సగం, అఱ అంటే గది. తమిళంలో అరై సగం, అఱై గది. ఏరడం గింజలు ఏరడం. ఏఱు నీళ్ళు పారేది, తమిళంలో ఆఱు. అన్నిటికన్నా ముఖ్యం మీరు రాసిన నీఱు. నీరు తాగేది, నీఱు బూడిద. మా వైపు గుడిలో విభూతి పెట్టి తిరునీఱు అంటారు. దాన్ని మామూలు ర తో రాస్తే బూడిద కాస్తా నీళ్ళయిపోతుంది. నివురు గప్పిన నిప్పు అంటాం చూశారా, ఆ నివురు ఈ నీఱే. ఆ నోటుపుస్తకంలో నీఱు ఏ పద్యంలో ఉందో ఒకసారి చూడండి. ర పెడితే పద్యం తిరగబడుతుందని నాకు గట్టి అనుమానం.

అరసున్న కూడా అలంకారానికి పెట్టింది కాదు. ఒకప్పుడు అక్కడ నిండుగా పలికిన ముక్కు ధ్వని సన్నబడితే, ఆ గుర్తు మిగిలింది. సంవత్సరాన్ని తమిళంలో ఆండు అంటారు, మూఁడు ను మూన్ఱు అంటారు. సిద్దిపేట మేడమ్ చెప్పిన ఏండ్లు అందుకు సజీవ సాక్ష్యం. సీమలో వాండ్లు అంటారు, అది వాఁడు లోని సున్నే. ఏడు అంకె, ఏఁడు సంవత్సరం. వాడు అంటే పువ్వు వాడిపోవడం, వాఁడు మనిషి. నాడు దేశం, మా తమిళనాడులో ఉన్నది అదే. నాఁడు రోజు. కాచు అంటే కాపాడు, కాఁచు అంటే వేడి చెయ్యి. "పాలు కాచింది" అని రాస్తే ఈ రోజు మనం పొయ్యి మీద పెట్టిందనుకుంటాం. పాత పద్ధతి తెలిసినవాళ్ళు పిల్లి రాకుండా కాపలా ఉందనుకుంటారు. వచనంలో అయితే చుట్టూ ఉన్న మాటలు కాపాడతాయి. పద్యంలో మాటలు తక్కువ, అన్వయం చేసుకుంటూ చదవాలి, అక్కడ ఆ చిన్న గుర్తే దారి చూపిస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. లక్షణం పట్టించుకుని రాసే కవులు ప్రాసలో ర, ఱ కలపరు. ఆ పెద్దాయన నాన్నగారు నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఱ వచ్చేలా పద్యం కూర్చి ఉంటే, ఎంత వెతుక్కుని రాసి ఉంటారో ఆలోచించండి. అన్నీ ర చేసేస్తే ఆ కష్టం ఆనవాలు లేకుండా పోతుంది.

మనవలు చదవాలన్న పెద్దాయన కోరిక కూడా న్యాయమే. పద్యం ఉన్నది ఉన్నట్టు వేసి, కింద భావం ఇప్పటి తెలుగులో ఇస్తే సరిపోతుంది. అనుమానం వస్తే బహుజనపల్లి సీతారామాచార్యుల నిఘంటువు శబ్దరత్నాకరం చూడండి. అందులో ఱ, అరసున్న ఉండాల్సిన మాటలకు ఉంచే చూపించారు. నా పని దానితోనే గడుస్తుంది.

అచ్చుపని, తెనాలి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. నోటుపుస్తకం తీసి చూశాను. హోసూరు తమ్ముడి అనుమానం నిజమే. ఒక పద్యంలో కోపం దాచుకున్న మనిషిని "నీఱు గప్పిన నిప్పు"తో పోల్చారు. పెద్దాయన చెప్పినట్టు ర పెట్టి కొడితే నీళ్ళు కప్పిన నిప్పయ్యేది. ఆ పేజీ పెద్దాయన ముందు పెట్టి రెండు రకాలుగా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. తర్వాత "నాన్న రాసినట్టే ఉంచమ్మా, భావం నేను రాసిస్తాను" అన్నారు. కింద భావం, పైన పద్యం, అలాగే పేజీ కట్టాం. ద్విపం ఎక్కడా రాలేదు మాస్టారూ, వస్తే ముట్టుకోను.

బడి వాళ్ళకు దానం, ప్రదాత చెప్పాను. వెంటనే ఒప్పుకున్నారు. ళ్ళు, ండ్లు పరీక్ష అయితే మా బైండింగు అబ్బాయి కూడా చేసేస్తున్నాడు. టు-లెట్ బోర్డుకు ఇల్లు సరిపోతుందని వాడే తేల్చాడు.

ఇంకా రెండు మిగిలాయి. పేర్లు. చివర నాథ్ అని కొందరు, నాధ్ అని కొందరు రాస్తారు. నాథుడికి థ అని తెలిసినా పేరు దిద్దవచ్చా? రెండోది, శుభలేఖ మీద కల్యాణమా, కళ్యాణమా? ఒకే కార్డులో రెండు రకాలూ రాసి తెస్తారు.

మాస్టారు, నెల్లూరు:

పేరు దిద్దకండి తల్లీ. నిఘంటువు మాటలకు నియమం ఉంటుంది గానీ, పేరు ఆ మనిషి సొత్తు. ఆధార్ కార్డులోనూ పదో తరగతి సర్టిఫికెట్టులోనూ ఎలా ఉంటే అలాగే వేయండి. నాథ్, నాధ్ విషయంలో అడిగితే మాత్రం చెప్పండి, నాథుడు ప్రభువు, నాదం ధ్వని, నాధ అనే మూడోది ఈ రెండింటి మధ్య పుట్టిన రాత అని.

కల్యాణం సంస్కృతంలో ల. కళ్యాణం మన నోట్లోనూ రాతలోనూ బాగా స్థిరపడింది. అర్థంలో తేడా లేదు కనుక ఇది మీరు మొదట అడిగిన జాతి కాదు. ఇళ్లు, ఇళ్ళు కూడా అంతే, ఒత్తు ఎలా రాసినా మాట ఒకటే. ఏదో ఒకటి ఎంచుకుని కార్డు మొదటి నుంచి చివరి దాకా అదే ఉంచండి. అక్కడ పట్టుదల వద్దు. మీ పట్టుదలంతా ప్రదానం, ఆహూతులు, మద్యం లాంటి వాటి కోసం దాచుకోండి.

సిద్దిపేట పంతులమ్మ గారికి: మీరన్నది ఆలోచించాను. థ వరకు మీ మాటే న్యాయం. శ, స ల దగ్గర మాత్రం గట్టిగా చదివించాలనే ఇప్పటికీ అంటాను.

పంతులమ్మ, సిద్దిపేట:

శ, స ల దగ్గర నేను కూడా చదివిస్త సార్. అక్కడ మనకు కొట్లాట లేదు.

హోసూరు తెలుగు:

అక్కా, పద్యాల ప్రూఫు సిద్ధమైతే చెప్పండి. ఱలు, అరసున్నల వరకు నేను చూసిపెడతాను. ఫోటోలు తీసి పంపేటప్పుడు నోటుపుస్తకం పేజీ కూడా పక్కన పెట్టి తీయండి. పాత చేతిరాతలో ర, ఱ ఒక్కోసారి దగ్గరగా ఉంటాయి, అసలు చూడకుండా దిద్దకూడదు.

అచ్చుపని, తెనాలి:

తప్పకుండా తమ్ముడూ. మొదటి ఫారం వచ్చే వారానికి అవుతుంది. పదహారు పేజీలు. అసలుతో కలిపి పంపుతాను.